వేలంలో బావమరిది

మా తోడల్లుడంటే నాకు అసూయ. దానికి పోటీతత్వం అనో పట్టుదల అనో మర్యాదైన పేరు పెట్టుకోవచ్చు గానీ, పెళ్లయిన నాటి నుంచి నా కడుపులో రగులుతున్నది మాత్రం అదే. ఆయన నా భార్యకు అక్క మొగుడు. వయసులో నాకంటే పెద్ద కాబట్టి నేను "అన్నయ్య గారూ" అంటాను, ఆయన "తమ్ముడూ" అంటాడు. ఇద్దరం నోరారా అంటాం. అత్తగారింట్లో పీతలు వండిన రోజున పెద్ద పీత ఆయన కంచంలో పడుతుంది, దాని కాళ్లు నాకొస్తాయి. "మీకు కాళ్లంటే ఇష్టం కదండీ" అంటుంది అత్తయ్య గారు. నాకు కాళ్లంటే ఇష్టమని ఆవిడకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఆయన రొయ్యల మేత డీలరు. నాది కాలవ గట్టు మీద చిన్న ఐసు ఫ్యాక్టరీ. రొయ్య బతికున్నన్నాళ్లూ ఆయన మేత తింటుంది, చచ్చాక నా దగ్గరికి వస్తుంది. ఈ మాట సరదాగా అన్నది ఆయనే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు.

ఇక మా బావమరిది. ఆ అక్కచెల్లెళ్లకు ఒక్కగానొక్క తమ్ముడు. మామగారు పోయాక ఐటీఐ చదివించి, వాణ్ణి తెచ్చి నా ఫ్యాక్టరీలో పెట్టుకున్నాను. మా ఇంట్లోనే ఉంటాడు, మా ఇంట్లోనే తింటాడు. కంప్రెసర్ శబ్దం కొంచెం మారితే గోడ అవతల నుంచే కనిపెడతాడు. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. వాడు నన్ను "చిన్నబావ గారూ" అని పిలిచినప్పుడల్లా, ఈ ఒక్క విషయంలో తోడల్లుడి కంటే నాదే పైచెయ్యి అనుకునేవాణ్ణి. ఆయన "పెద్దబావ గారు" అయితే అవనీ, వాడు పొద్దున లేచి ముఖం చూసేది నాదే.

మా చుట్టుపక్కల ఐదు ఊళ్ల సంఘాలు కలిసి క్రిస్మస్ వెళ్లాక వాలీబాల్ పోటీలు పెడతాయి. ఒక్కో జట్టునూ ఒకరు నెత్తిన వేసుకుంటారు. మా ఊరి జట్టు నాది, పక్క ఊరి జట్టు ఆయనది. ఏటా కప్పు ఆయన ఇంటికే వెళ్లేది. ఎందుకు వెళ్లదు? రాజమండ్రి కాలేజీల నుంచి ఇద్దర్ని, కాకినాడ నుంచి మరో ఇద్దర్ని కారేసుకుని దింపేవాడు. వాళ్లు మా కుర్రాళ్ల నెత్తి మీంచి కొట్టి, బిర్యానీ తిని, సాయంత్రానికి వెళ్లిపోయేవారు. ఆ కప్పులు వాళ్లింటి హాల్లో టీవీ పక్కన వరసగా ఉంటాయి. వెళ్లినప్పుడల్లా వదిన గారు నన్ను సరిగ్గా వాటికి ఎదురు కుర్చీలోనే కూర్చోబెడుతుంది.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. ఐసు తయారుచేసేవాణ్ణి కాబట్టి, ఫోన్‌లో ఐసు కనిపిస్తే ఆగి చూడటం నాకు అలవాటు. అలా ఒకనాడు మంచు మీద హాకీ ఆడే దేశాల వీడియో ఒకటి కంటపడింది. మొదట చూసింది ఆటను కాదు, ఆ మైదానంలో ఐసును అంత చదునుగా ఎలా పోస్తున్నారా అని. తర్వాత ఆట పట్టుకుంది. ఆ తర్వాత అసలు విషయం పట్టుకుంది. అక్కడ ఎంత డబ్బున్న ఆసామి అయినా సరే, తన జట్టులో అందరి జీతాలూ కలిపి ఒక గీత దాటకూడదట. గొప్ప ఆటగాడికి ఎక్కువిస్తే మిగతా చోట్ల బిగించుకోవాలి. అందుకని అక్కడ ఎవడి జట్టు బాగుంటుందంటే, డబ్బున్నవాడిది కాదు, లెక్క తెలిసినవాడిది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా తోడల్లుడి రెక్కలు కత్తిరించే కత్తెర భూగోళం అవతల దొరికింది.

పోటీల కమిటీ మీటింగులో లేచి నిలబడి చెప్పాను. ఐదు ఊళ్ల ఆటగాళ్లే ఆడాలి. పేర్లన్నీ వేలంలో పెట్టాలి. ఒక్కో జట్టుకు వెయ్యి పాయింట్లు, అంతే. ఆటగాడి కనీస ధర ఇరవై. ఆరుగురికి తక్కువ ఉండకూడదు. పాయింట్లు అయిపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. రూపాయి మాటే లేదు.

"ఐసు ఫ్యాక్టరీ ఆయన ఐసు మీద ఆటే చెప్తాడు మరి" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

తోడల్లుడు అడ్డుపడతాడని, అడ్డుపడితే నలుగురిలో కడిగేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన లేచి, "తమ్ముడు చెప్పింది న్యాయమండి. డబ్బుతో కొనుక్కుంటే ఆట ఏముంది?" అన్నాడు. అందరూ ఆయన మంచితనానికి చప్పట్లు కొట్టారు. నా ఆలోచనకు పడాల్సిన చప్పట్లు. మా పాస్టరు అయ్యగారు కూడా కొట్టారు.

వేలం అంటే మాకు కొత్త కాదు. కోతల పండగనాడు మా చర్చిలో ఆరాధన అయ్యాక, జనం తెచ్చిన మొదటి పంటలన్నీ పాట పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, కొబ్బరి బొండాలు. ఆ డబ్బు దేవుడిది. అందుకని ఎంత తిక్క ధర పాడితే అంత భక్తి. అందులో రాయని పద్ధతులు రెండున్నాయి. మన చుట్టం చెయ్యి పైన ఉన్నంతసేపూ మనం చెయ్యి దించితే పరువు తక్కువ. ఒక ఏడు నేనూ తోడల్లుడూ ఒక సొరకాయ మీద చేతులెత్తి, రొయ్యల ట్రే కొనగల డబ్బు దాకా పాడాం. దాన్ని నేనే గెలిచాను. మా ఆవిడ ఆ సొరకాయతో పులుసు పెట్టి, "తినండి, పస్తు ఉండి తినండి" అంది. రెండో పద్ధతేంటంటే, ఎవరైనా తమ ఇంటి కోడిని తెచ్చి, మనసొప్పక మళ్లీ తామే పాడుకుంటే, మొదటి పాటకే వదిలేస్తారు. ఎవరూ పోటీకి రారు. పాట నడిపే పెద్దాయన "ఇంటి కోడి ఇంటికే" అని బల్ల మీద కొట్టేస్తాడు.

ఆటగాళ్ల వేలం నడిపిందీ ఆ పెద్దాయనే, చర్చి పక్కనున్న కమ్యూనిటీ హాల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక. ఆటగాళ్లందరూ గోడవారన బెంచీల మీద కూర్చున్నారు. జట్ల వాళ్లం ముందు కుర్చీల్లో.

నేను బాగానే లెక్క కట్టుకుని వెళ్లాను. నాకు ఇద్దరు స్మాషర్లు కావాలి, అంటే వలకు పైన ఎగిరి దంచేవాళ్లు. ఒకడు చాలు అనుకున్నా నడుస్తుంది. అడుగున బంతి తియ్యడానికి ఇద్దరు నెమ్మదైనవాళ్లు. ఇక అన్నిటికంటే ముఖ్యం లిఫ్టరు, దంచేవాడికి బంతిని సరైన ఎత్తులో లేపి అందించేవాడు. దాని గురించి నాకు బెంగే లేదు. మా బావమరిది ఐదు ఊళ్లలోకీ మంచి లిఫ్టరు. వాడు మా ఇంటివాడు. వాడి మీద ఎవడు పాడతాడు? కనీస ధర ఇరవై పారేస్తే నా జట్టులోకి వస్తాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, నాకు వాడు పనికొస్తాడు, అదీ ఉత్తినే. అదే నా లెక్కలో గొప్ప ఎత్తు అనుకున్నాను.

మొదటి పేరు ఒక పొడుగాటి స్మాషరుది. తోడల్లుడు చెయ్యెత్తాడు. నా చెయ్యి దానంతట అదే లేచింది. ఆయన మళ్లీ ఎత్తాడు. నేనూ ఎత్తాను. సొరకాయ నాటి రక్తం ఒంట్లోంచి ఎక్కడికి పోతుంది? ధర నేను అనుకున్నదానికి రెట్టింపయ్యాక ఆయన చెయ్యి మెల్లగా దించి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పొడుగాటివాడు నాకొచ్చాడు. నేను గెలిచాననే అనుకున్నాను. తర్వాత కాలవ అవతలి ఎడంచేతి వాటం కుర్రాడు. మళ్లీ అదే. ఆ తర్వాత కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారవుతున్న గట్టివాడు. మళ్లీ అదే. ఆయన చెయ్యెత్తిన ప్రతి మనిషినీ నేను లాక్కున్నాను. ముగ్గురు స్మాషర్లు నావాళ్లు. మిగిలినవాళ్లను కనీస ధరకు తెచ్చుకునే పాయింట్లు తప్ప నా దగ్గర ఇంకేమీ లేవు. ఆయన జట్టులో అప్పటికి ఒక్కడు కూడా లేడు. నాకెంత హాయిగా ఉందంటే, టీ ఇచ్చిన అమ్మాయికి రెండుసార్లు థాంక్స్ చెప్పాను.

టీ తాగుతుండగా మా బావమరిది పేరు చదివారు. తాగనిద్దురూ, ఏం తొందర, అనుకున్నాను. ఇంకో గుటక వేశాను.

"నాలుగు వందలు" అన్నాడు తోడల్లుడు.

పాట నడిపే పెద్దాయన నా వైపు చూశాడు.

"అన్నయ్య గారూ, వాడు మావాడండి" అన్నాను. "ఇంటి కోడి."

"నాకూ ఇంటి కోడే కదా తమ్ముడూ" అన్నాడాయన, ఎంతో మెత్తగా. "నా పెళ్లాం తమ్ముడు కాడా ఏంటి?"

పెద్దాయన నా వైపు ఇంకాసేపు చూశాడు. నేనేం పాడను? గ్లాసులో టీ తప్ప నా దగ్గర ఏముంది? ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కొట్టేశాడు. గోడవారన మా బావమరిది లేచి నిలబడ్డాడు. వాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. ఆ రోజు మొత్తంలో అంత పెద్ద ధర ఎవరికీ పలకలేదు. వాడు నా వైపు చూడలేదు.

మిగిలిన పాయింట్లతో ఆయన ఎవర్ని కొన్నాడో తెలుసా? ఒక లెక్కల మాస్టారు, ఒక సొసైటీ గుమస్తా, ఇద్దరు పొట్టి అన్నదమ్ములు, సర్వీసు మాత్రమే చేతనైన ఒక ట్రాక్టరు డ్రైవరు. ఎవరూ పోటీకి రాలేదు. స్మాషర్ల మీద అసలు ఆయనకు ఆశే లేదని నాకు అప్పుడు వెలిగింది. కుందేలుకి కొమ్ములున్నాయని ఆయన చెయ్యెత్తితే, ఆ కొమ్ములు నేను కొనుక్కున్నాను. చేతులు కాలాయి. ఆకులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

పోటీల సంగతి ఎక్కువ చెప్పను. నా ముగ్గురు వస్తాదులూ వల దగ్గర ఎగరడానికి సిద్ధంగా నిలబడేవారు, బంతి మాత్రం వాళ్ల మోకాళ్ల దగ్గరకో, చింతచెట్టు వైపో వెళ్లేది. లేపి ఇచ్చేవాడు లేడు. ముగ్గురూ ఒకరినొకరు తిట్టుకునేవారు, ఆ తర్వాత ముగ్గురూ కలిసి నన్ను చూసేవారు. అవతల మా బావమరిది వేళ్ల మీద బంతి ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, లెక్కల మాస్టారి అరచేతికి సరిగ్గా అందేది. ఆ మాస్టారు జన్మలో స్మాష్ కొట్టి ఎరగడు. ఆ వారంలో వీరుడైపోయాడు. ఫైనల్లో మా బావమరిది గెలుపు పాయింటుకి బంతి లేపాక, తోడల్లుడు పరుగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకున్నప్పుడు, నా కళ్లలో ఎవరో కారం కొట్టినట్టయింది. ఓడిపోయినందుకు కాదు. వాడు ఆయన భుజం మీద అంత ఎత్తున నవ్వుతున్నందుకు.

ఆ తర్వాత వాడు మా ఇంట్లోనే ఉన్నాడు, నా కంప్రెసరే నడిపాడు, కానీ ఏదో తగ్గింది. భోజనం దగ్గర ఫోన్ చూసుకునేవాడు. తోడల్లుడు కొత్తగా తెరిచే మేత డిపోకి వాణ్ణి రమ్మంటున్నాడని మా ఆవిడ చెప్పింది.

ఒకరోజు ఐసు దిమ్మలు లారీకి ఎక్కిస్తుండగా ఆగలేక అడిగేశాను. "ఏరా, పెద్దబావ జట్టులో ఆడి పెద్దవాడివైపోయావా?"

వాడు చేతి తొడుగులు విప్పాడు. "ఆయన జట్టులో ఆడినందుకు కాదండి చిన్నబావ గారూ. నా పేరు చదివినప్పుడు మీరు టీ తాగుతున్నారండి."

"నీ మీద ఎవరూ పాడరనుకున్నాను రా."

"అదేనండి" అన్నాడు వాడు, మళ్లీ తొడుగులు వేసుకుంటూ. "నన్ను ఎవరూ పాడరనుకున్నారు."

లారీ వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా ఆవిడకు ఇదంతా చెబితే, "సొరకాయకి పెట్టినంత కూడా వాడికి పెట్టలేదు మీరు" అంది. ఆవిడకి ఆ సొరకాయ ఎక్కడ వాడాలో ఎప్పుడూ తెలుసు.

మరుసటి ఏడు వేలానికి లెక్కలేవీ కట్టుకోకుండా వెళ్లాను. టీ వద్దన్నాను. నాకు కావలసింది ఒక్కటే. ఆయన ఎవరి మీద చెయ్యెత్తినా నేను ఎత్తలేదు. ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు, కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మొదట్లో ఒకటి రెండుసార్లు గాలం వేసి చూశాడు. నేను కదలకపోయేసరికి చెయ్యి దించేసి, నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఎవర్నీ కొనలేదు. నేనూ కొనలేదు. ఇద్దరి వెయ్యీ చెక్కుచెదరలేదు.

మా బావమరిది పేరు చదవడం పూర్తికాకముందే నా చెయ్యి లేచింది.

ఆయన చెయ్యీ లేచింది.

వందలు దాటాయి. గత ఏడాది నాలుగు వందలూ దాటాయి. మిగతా జట్ల వాళ్లు కుర్చీలు మా వైపు తిప్పుకున్నారు. ఏడు వందల దగ్గర మా పాస్టరు అయ్యగారు చదువుకుంటున్న బైబిలు మూసేశారు. మిగతా ఐదుగురికీ కనీస ధర ఉంచుకోవాలి కాబట్టి ఎవరైనా తొమ్మిది వందలు దాటి వెళ్లలేరు. నేను పెట్టించిన గీతే అది. ఆయన ఎనిమిది వందల ఎనభై అన్నాడు. నేను లేచి నిలబడి తొమ్మిది వందలు అన్నాను. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టేసుకున్నాడు. పెద్దాయన మూడోసారి కొడుతూ, ఎవరూ అడక్కుండానే, "ఇంటి కోడి ఇంటికే" అన్నాడు. హాలంతా చప్పట్లు. గోడవారన వాడు నిలబడి ఉన్నాడు. ఈసారి వాడు నా వైపే చూస్తున్నాడు, చెవులు మళ్లీ ఎర్రగా ఉన్నాయి. నా జట్టులో ఇక మిగిలిన ఐదుగురూ ఎవరూ పాడనివాళ్లే వస్తారు, ఓడిపోతాం, ఓడిపోనీ. పెళ్లయ్యాక మొదటిసారి తోడల్లుణ్ణి మనసారా ఓడించాను.

టీ విరామంలో వాడే ఒక గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంత పెట్టేశారేంటండీ చిన్నబావ గారూ" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "డిపోకి రానని పెద్దబావ గారికి చెప్పేశానండి."

"ఎప్పుడు?"

"పొద్దునేనండి. ఆయనే ఫోన్ చేశారు. సరేలేరా అన్నారు. ‘ఇవాళ మీ చిన్నబావని చివరిదాకా తీసుకొస్తాను, నీ రేటెంతో నీ చెవులతో నువ్వే విను’ అన్నారండి."

గ్లాసు కింద పెట్టాను. "మరి నేను మధ్యలో చెయ్యి దించేస్తే?"

"అదీ అడిగానండి. ‘దించడురా, నాకు వాడు తెలుసు’ అన్నారండి."

అవతల గోడ దగ్గర తోడల్లుడు నిలబడి ఉన్నాడు. ఆయన వెయ్యిలో ఒక్క పాయింటు కూడా కదలలేదు. ఇంకా చదవాల్సిన మంచి ఆటగాళ్లందరూ గోడవారనే ఉన్నారు, కొనడానికి నేను లేను. కప్పు మళ్లీ ఆయనదే. అదంతా కప్పు కోసం చేశాడో, కుర్రాడి కోసం చేశాడో, రెండూ ఒక్క చేత్తోనే చేశాడో ఎంత ఆలోచించినా తేలలేదు. ఏది నిజమైనా అది నాకు తట్టని పనే. వాడికి నేను ఇచ్చిన ఒకే ఒక్క పెద్ద కానుక, అది కూడా ఆయన చేతుల మీదుగానే వెళ్లింది.

ఆయన టీ గ్లాసు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. బావమరిది లేచి కుర్చీ ఇచ్చాడు. ఆయన కూర్చోలేదు, వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఏంటి తమ్ముడూ, సంతోషమేనా?"

"సంతోషమేనండి అన్నయ్య గారూ" అన్నాను.

నిజంగానే సంతోషంగా ఉంది. నా కడుపుమంటంతా అందుకే.